ఇంటి మురుగు గొట్టమును మార్చుటకు ఎంత వ్యయమగును?

వర్షకాలము ప్రవేశించిన రెండు మూడు వారములకే గ్రామపంచాయతీ సభ్యుని ఇంటి అరుగు మీదికి ఒక ఫిర్యాదు తప్పక వచ్చును. "మెంబరుగారూ, మరుగుదొడ్డిలో పోసిన నీరు పోవుటలేదండీ, పైకి లేచుచున్నది. మేస్త్రీని పిలిచి చూపించితిని. లైను మొత్తము పెరికి క్రొత్తది వేయవలెనన్నాడు. పంచాయతీవారు ఏమైన సాయము చేయుదురా?" అని ఇంటి యజమాని అడుగును. ఎంత అగునని విచారించినయెడల ఒక మేస్త్రీ చెప్పిన మొత్తమునకు మరియొక మేస్త్రీ చెప్పినది రెట్టింపుగా నుండును. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తెలియక యజమాని తక్కువ చెప్పినవానికే పని ఒప్పగించును. మరుసటి వానకాలమున అదే ఫిర్యాదు మరల అదే అరుగు మీదికి వచ్చును.

ఈ వ్యాసము ఆ లెక్కను గూర్చినది. లెక్క కష్టమైనది కాదు. పొలములో బోదె త్రవ్వించి కూలి లెక్క వేసికొనగల రైతు ఎవడైనను దీనిని వేసికొనగలడు. కాని చాలమంది పొరపడు చోటు ఒకటి కలదు. గొట్టము మార్చుట అనగానే గొట్టము వెల ఎంత అని అడుగుదురు. నిజమునకు ఈ పనిలో గొట్టము వెల మిక్కిలి చిన్న భాగము. మట్టి, రోడ్డు, తొట్లు, మనిషి కష్టము వీనికే డబ్బు పోవును. ఈ సంగతి గ్రహించిన పిమ్మట ఎచ్చట పొదుపు చేయవచ్చునో, ఎచ్చట పొదుపు చేసిన నష్టము కలుగునో తనంతట తెలియును.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎక్కువగా వచ్చుటకు కారణము కూడ కలదు. 2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛభారత్ మిషన్ క్రింద ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకముతో మన గ్రామములలో విరివిగా మరుగుదొడ్లు వెలసినవి. గడువులోపల పూర్తి చేయవలెనను తొందరలో గోడలు, తలుపులు, పింగాణీ బేసినులు కంటికి కనబడునవి గనుక వానిని చక్కగా కట్టినారు. భూమిలో దాగియుండు గొట్టమును ఎవరును అంతగా పరిశీలించలేదు. ఆనాడు వేసిన గొట్టములలో తొలివానికి పదేండ్లు నిండినవి. అంతకు పూర్వము కట్టిన పెంకుటిండ్లలోను మేడలలోను రెండడుగుల స్టోన్‌వేర్ గొట్టములో, సిమెంటు గొట్టములో ఉండును. అవి ఇంకను పాతవి.

మార్చవలెనా, మార్చనక్కరలేదా?

మొదట తేల్చుకొనవలసినది వ్యయము కాదు, అవసరము. నీరు పోనంత మాత్రమున గొట్టము చెడినదని అనుకొనరాదు.

రెండు గుంతల మరుగుదొడ్డియైనచో ఒక గుంత నిండియుండవచ్చును. అప్పుడు చేయవలసినది మధ్యనున్న చిన్న తొట్టి మూత తీసి, నిండిన గుంత దారిని మూసి, ఖాళీ గుంత దారిని తెరచుట. గంట పని. నిండిన గుంతను ఒకటిన్నర నుండి రెండేండ్ల వరకు కదపక ఉంచినయెడల లోపలి మలము మట్టివలె మారి ఎరువుగా పనికివచ్చును. అనేక గ్రామములలో కట్టినవారే ఈ ఏర్పాటును తెలియక రెండు దారులను ఒకేసారి తెరచియుంచినారు. అట్లు చేసినచో రెండు గుంతలును ఒక్కమారే నిండును, రెండు గుంతలు కట్టిన ప్రయోజనమే పోవును. సెప్టిక్ ట్యాంకైనచో రెండు మూడేండ్లకొకమారు అందలి మడ్డిని తీయింపవలెను. పదేండ్లుగా తీయింపని ట్యాంకునకు ఎంత క్రొత్త గొట్టము వేసినను నీరు వెనుకకే తన్నును.

గోదావరి, కృష్ణా డెల్టా గ్రామములలో మరియొక చిక్కు కలదు. కాలువలు పారి, వరి మళ్ళు నిండియున్న దినములలో భూగర్భజలము గుంత అంచు వరకు లేచును. గుంతలోని నీరు ఇంకుటకు చోటుండదు. నీళ్ళు తగ్గిన పిమ్మట మరుగుదొడ్డి తానే బాగుపడును. ఇట్టి చోట గొట్టము మార్చుట వృథా. గుంతలను నేలమట్టమునకు పైకెత్తి కట్టి చుట్టును మట్టిదిబ్బ వేసికొనుట సరియైన మార్గము.

ఈ కారణములేవియు లేవని తేలినపుడు గొట్టమును పరీక్షింపవలెను. తనిఖీ తొట్టి, అనగా మేస్త్రీలు ఛాంబరని పిలుచునది, ఉన్నచో మూత తీసి చూచుట సులభము. ఇంటిలో రెండు బిందెల నీటిని ఒక్కమారుగా పోసినపుడు మొదటి తొట్టిలో నీరు చురుకుగా వచ్చి, రెండవదానిలో రాకున్నచో అడ్డు ఆ రెంటి నడుమ ఉన్నది. నీటిలో కొంచెము నీలిమందు కలిపి పోసినయెడల ఇంకను స్పష్టముగా కనబడును. ఆ రంగు నీరు తొట్టికి చేరక ప్రక్కనున్న నేలలోనో, పొరుగువారి గోడ క్రిందనో చెమ్మగా తేలినచో గొట్టము పగిలినదని నిశ్చయము. అడ్డు ఒకే చోట ఉండి, మిగిలిన పొడవు బాగుగా నున్నచో ఆ ముక్కను మాత్రము త్రవ్వి మార్చిన చాలును. "సగము మార్చిన మిగిలిన సగము చెడును" అని మేస్త్రీ చెప్పు మాట కొన్నిసార్లు నిజము, కొన్నిసార్లు బేరము. స్టోన్‌వేర్ గొట్టమైనచో నిజమే కావచ్చును. 18 మీటర్ల పొడవున అట్టి గొట్టములు 30 పట్టును. దాదాపు అన్ని అతుకులుండును. రావి, వేప, మఱ్ఱి వేళ్ళు తడిని వెదకికొనుచు అతుకుల సందునుండి లోనికి చొచ్చి గుబురుగా పెరుగును. ఒక అతుకు వద్ద వేరు దూరినదనిన మిగిలినవి కూడ వదులైయుండుట సహజము. అదే 6 మీటర్ల ప్లాస్టిక్ గొట్టములైనచో అంత పొడవునకు మూడు మాత్రమే పట్టును.

కారెడి గొట్టము ఇంటివాని ఒక్కని చిక్కు కాదు

కొందరు సభ్యులు ఇది ఇంటి యజమాని సొంత వ్యవహారము, పంచాయతీకి దీనితో పనిలేదని తలంతురు. పగిలిన గొట్టములోని నీరు యజమాని గోడ వద్ద ఆగదు. 2009లో హైదరాబాదులోని భోలక్‌పూరునందును, 2018లో గుంటూరు పాతపట్టణమునందును మురుగునీరు త్రాగునీటి గొట్టములలో కలియుటచే జనులు వ్యాధిగ్రస్తులై పలువురు మరణించిరి. అవి పట్టణములు, మనవి గ్రామములు అని ఊరట చెందుటకు వీలులేదు. తెలంగాణమున 2016 నుండి మిషన్ భగీరథ, దేశమంతట 2019 నుండి జలజీవన్ మిషన్ మూలమున మన వీధులలో కూడ ఇంటింటికి కుళాయి గొట్టములు వచ్చినవి. ఇరుకు సందులో ఒకే కందకము ప్రక్కన మంచినీరును, మురుగునీరును నడుచుచున్నవి.

కుళాయికి నీరు వదలిన గంటలో లోపలి ఒత్తిడి బయటికి తన్నుచుండును గనుక బయటి మురికి లోనికి రాదు. నీరు కట్టివేసిన తరువాతనే ప్రమాదము. అప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గి, ఎక్కడైన వదులైన అతుకు ఉన్నచో చుట్టునున్న తడిని లోనికి పీల్చుకొనును. ఆ తడి మురుగైనచో మరునాటి ఉదయము మొదటి బిందెలో అదే వచ్చును. మీ గ్రామమున ఒకమారు నడచి చూడుడు. ఇంటి కుళాయి గొట్టము వీధి మురుగు కాలువలోనుండి అడ్డముగా, నీటిలో మునిగి పోవుచుండు ఇండ్లు ఎన్ని కనబడునో లెక్క పెట్టుడు. ఆ లెక్క తెలిసిననాడు ఈ విషయము పంచాయతీ సమావేశమున చర్చకు రాక మానదు.

ఇంజనీర్లు పాటించు నియమము ప్రకారము మంచినీటి గొట్టమునకు మురుగు గొట్టమునకు మధ్య 3 మీటర్ల ఎడముండవలెను. సందులో అంత చోటు లేనపుడు మంచినీటి గొట్టపు అడుగు మురుగు గొట్టపు పైభాగమునకు కనీసము అర మీటరు ఎత్తున ఉండవలెను. మురుగు గొట్టమును మార్చుటకు ఎట్లును నేల త్రవ్వుదురు గనుక ఈ సర్దుబాటుకు అదే తగిన సమయము. అప్పుడు అయ్యెడు అదనపు వ్యయము స్వల్పము. తరువాత ప్రత్యేకముగా చేయవలెనన్నచో మొత్తము త్రవ్వకము మరల చేయవలసివచ్చును.

లెక్క వేయు విధము

ఇక వ్యయపు సంగతి. వీధిలో భూగర్భపు మురుగు గొట్టము వేసికొనిన గ్రామమొకటి అనుకొందము. ఇంటి పెరటిలో మరుగుదొడ్డి ఉన్నది. అచ్చటినుండి ప్రహరీ వరకు 15 మీటర్లు, అచ్చటినుండి సిమెంటు రోడ్డును కోసికొని వీధి గొట్టము వరకు 3 మీటర్లు. మొత్తము 18 మీటర్లు.

మొదట వాలు చూడవలెను. నాలుగంగుళముల గొట్టమునకు 40 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలు ఉంచుట వాడుకలోనున్న సూత్రము. ఆరంగుళముల దానికి 60కి 1. నాలుగంగుళముల గొట్టము ప్రతి 4 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగవలెనన్నమాట. 18 మీటర్లకు 45 సెంటీమీటర్లు దిగును. మరుగుదొడ్డి వద్ద 30 సెంటీమీటర్ల లోతున మొదలుపెట్టినచో వీధి వద్ద 75 సెంటీమీటర్ల లోతునకు చేరును. సగటున 52 సెంటీమీటర్లు. అడుగున పరచు ఇసుకకు 10 కలిపిన 62 సెంటీమీటర్లు. మనిషి నిలిచి పని చేయుటకు కందకము 60 సెంటీమీటర్ల వెడల్పు కావలెను. 18ని 0.6తోను, 0.62తోను హెచ్చించిన సుమారు 6.7 ఘనపు మీటర్ల మట్టి తీయవలసియుండును. సాధారణ నేలలో ఒక కూలి దినమునకు 2 నుండి 2.5 ఘనపు మీటర్లు త్రవ్వగలడు. కావున త్రవ్వుటకు మూడు కూలిదినములు, గొట్టము పరచిన తరువాత పూడ్చి దిమ్మిస వేయుటకు రెండు, మొత్తము అయిదు.

ధరలు ఊరూరికి, సంవత్సర సంవత్సరమునకు మారును. లెక్క నడచు తీరు తెలియుటకై మాత్రము కొన్ని అంకెలను ఊహించుకొందము. పాఠకులు తమ ఊరి ధరలను వీని స్థానమున వేసికొనవలెను. 6 మీటర్ల గొట్టము ఒక్కటి 1,500 రూపాయలని అనుకొన్నచో మూడింటికి 4,500. వంపులు, అతుకు సామాను, జిగురు 1,500. కూలి 700 చొప్పున అయిదు దినములకు 3,500. పరుపునకు కావలసిన ఇసుక ఒక ఘనపు మీటరునకు మించి కొలది, 1,500. మేస్త్రీకి రెండు దినములు, 2,000. ఇంటి వద్ద ఒకటి, ప్రహరీ వద్ద ఒకటి, రెండు ఇటుక తొట్లు మూతలతో సహా 6,000. రోడ్డు కోసి మరల కాంక్రీటు వేయుటకు 3,000. పాత గొట్టము, రాళ్ళు తరలించుటకు 1,000. కూడగా 23,000 రూపాయలు.

అందులో గొట్టముల వెల 4,500. అయిదింట ఒక వంతునకు కూడ లోపే. యజమాని దుకాణమునకు పోయి పలుచని గొట్టమును 1,000 రూపాయలకు బేరమాడి తెచ్చినచో మిగిలినది 1,500 మాత్రమే. ఆ పలుచని గొట్టము ట్రాక్టరు బరువునకు నొక్కుకొనిపోయిననాడు మిగిలిన 18,500 రూపాయల పని మొత్తము మరల చేయవలెను. కాబట్టి గొట్టము వద్ద పొదుపు వలదు. భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తుగల గొట్టమునే తీసికొనవలెను. మరుగుదొడ్డి నీటికి వాడునవి ఐ.ఎస్. 13592 ప్రమాణములో 'బి' రకమునకు చెందినవి. 'ఎ' రకము గాలి గొట్టములకు, వాననీటికి ఉద్దేశింపబడినది. చూపునకు రెండును ఒకే తీరున ఉండును గనుక గొట్టము మీది అక్షరములు చదివి తీసికొనుడు. వీధిలో భూమి క్రింద వేయుటకు ఐ.ఎస్. 15328 అను మరియొక ప్రమాణము కలదు. బరువు పడు చోట అది మేలు.

తొట్ల మీద పొదుపు చేయువారు కూడ కలరు. "నేరుగా కలిపివేయుము, తొట్టి యెందుకు" అందురు. తొట్టి లేని గొట్టములో అడ్డుపడిననాడు అది ఎచ్చటనో తెలియక ఇల్లంతయు త్రవ్వవలసివచ్చును. గొట్టము మలుపు తిరుగు ప్రతి చోటను తొట్టి ఉండుట ఆవశ్యకము.

నేల స్వభావమును బట్టి లెక్క పైకి క్రిందికి పోవును. తెలంగాణ జిల్లాలలోను, రాయలసీమలోను రెండడుగుల క్రిందనే రాయి తగులు చోట్లు చాల కలవు. అచ్చట కూలిదినముల లెక్క చెల్లదు. రాయి పగులగొట్టు యంత్రమునకు గంటల చొప్పున చెల్లింపవలెను, త్రవ్వకమే అన్నిటికన్న పెద్ద పద్దు అగును. నల్లరేగడి నేల వేరొక విధమున బాధించును. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి, ప్రతి సంవత్సరము గొట్టమును కదలించుచుండును. త్రవ్విన రేగడినే మరల గొట్టము చుట్టును వేసినయెడల అతుకులు వీడుట తప్పదు. అచ్చట గొట్టమునకు అడుగునను, ప్రక్కలను, పైనను ఇసుకగాని మొరముగాని వేసి, ఆ పైననే రేగడి పూడ్చవలెను. ఇసుక వ్యయము రెట్టింపైనను అది దండుగ కాదు. రోడ్డు క్రింద పోవు భాగమున గొట్టము మీద రెండున్నర మూడడుగుల మట్టి లేనిచో చుట్టును కాంక్రీటు పోయవలెను. పై ఉదాహరణములో వీధి వద్ద లోతు తక్కువే గనుక ఆ 3 మీటర్లకు కాంక్రీటు తప్పదు. రోడ్డు పద్దు ఆ మేరకు పెరుగును.

వీధిలో భూగర్భ గొట్టము లేక ఓపెను కాలువ మాత్రమే ఉన్న గ్రామములే మనకు ఎక్కువ. అట్టి చోట మరుగుదొడ్డి గొట్టమును వీధి కాలువకు తిప్పుటకు పంచాయతీ ఎట్టి పరిస్థితిలోను సమ్మతింపరాదు. అది తక్కువ వ్యయముతో తీరు ఉపాయమని యజమానికి తోచవచ్చును. ఆ వ్యయము పోలేదు, వీధిలోని పసిపిల్లల మీదికి మారినది. మరుగుదొడ్డి నీరు గుంతలకు, సెప్టిక్ ట్యాంకు మీది నీరు ఇంకుడు గుంతకు పోవలెను. స్నానము, వంట నీటికి వేరుగా ఇంకుడు గుంత త్రవ్వుకొనిన ఇంటికి వీధి కాలువ అవసరమే తగ్గును. ఈ గొట్టములు పొట్టివి, రోడ్డు కోయు పని ఉండదు, కావున పైన చూపిన లెక్కలో మూడవ వంతుతోనో, సగముతోనో పని ముగియును. గుంత మంచినీటి బావికి 10 మీటర్ల దూరమున ఉండునట్లు చూచుకొనవలెను.

ఎవరు భరింపవలెను?

ప్రహరీ లోపలి 15 మీటర్లు యజమానివి. వీధి గొట్టము పంచాయతీది. మురుగు కాలువలు కట్టించుట, మురుగునీటిని వదలించుట గ్రామపంచాయతీ విధులలోనివని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. తెలంగాణమున 2018 నాటి చట్టము అమలులో నున్నది. తగవు వచ్చునది ప్రహరీకి వీధి గొట్టమునకు నడుమనున్న ఆ 3 మీటర్ల వద్ద. నేల పంచాయతీది, గొట్టము ఇంటివానిది. ఫిర్యాదు వచ్చిన తరువాత మనిషిని బట్టి తీర్పు చెప్పుటకన్న ముందుగానే సమావేశమున తీర్మానించి అందరికి ఒకే పద్ధతి పెట్టుట మేలు. రోడ్డు కోయువారు ముందుగా కొంత ధరావతు కట్టవలెనని, కాంక్రీటు సరిగా వేసిన పిమ్మట అది తిరిగి ఇయ్యబడునని నిర్ణయించుకొన్నచో సగము కోసి విడిచిన రోడ్లు ఊరిలో కనబడవు. బీదవారి విషయమున ఆ ధరావతును తగ్గించుట సభ్యుల విచక్షణకు సంబంధించినది.

పంచాయతీ తన చేతిలోనున్న ఒక్క నిర్ణయముతో ఇంతకన్న ఎక్కువ మేలు చేయగలదు. క్రొత్తగా సిమెంటు రోడ్డు మంజూరైన వీధిలో రోడ్డు వేయకముందే ఇంటింటి గొట్టమును పరీక్షించి, చెడినవానిని మార్పించుట. మన లెక్కలో రోడ్డు కోత 3,000 రూపాయలు. వీధిలో పది ఇండ్లున్నచో 30,000 మిగిలినట్లు. ఇంతేకాక కోసి అతికిన కాంక్రీటు ఎన్నటికిని మొదటివలె ఉండదు, ఆ అతుకు వద్దనే పగుళ్ళు బయలుదేరును. ఇప్పుడు గొట్టము అవసరము లేని ఖాళీ స్థలమునకు ఎదురుగా కూడ రోడ్డు క్రింద ఒక ఖాళీ గొట్టమును అడ్డముగా వేసి రెండు కొనలు మూసియుంచినచో రేపు అచ్చట ఇల్లు కట్టువానికి రోడ్డు కోయు పని ఉండదు. ఈ మాట చెప్పుటకు తేలికైనను రోడ్డు గుత్తేదారు పని మొదలుపెట్టిన వారములో ఎవరికిని గుర్తుండదు. మంజూరు ఉత్తరువు అందిననాడే అజెండాలో చేర్చవలెను. పది ఇండ్లవారు కలిసి ఒకే మేస్త్రీకి పని ఇచ్చినచో సామాను రవాణా, కూలి బేరములలో కూడ కొంత కలిసివచ్చును.

వీధి పనికి నిధుల విషయము. 15వ ఆర్థికసంఘము 2021-26 సంవత్సరములకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకే వినియోగింపవలెనను నిబంధన ఉండెను. ప్రస్తుతము చేతికి వచ్చు నిధులకు ఏ నిబంధన వర్తించునో పంచాయతీ కార్యదర్శి వద్దనున్న ఉత్తరువులలో చూచుకొనవలెను. పనికి అంచనా వేయునపుడు మేస్త్రీ నోటిమాట చాలదు. ఎస్.ఎస్.ఆర్. అని పిలువబడు ప్రభుత్వ ధరల పట్టిక మండలములోని పంచాయతీరాజ్ ఇంజనీరు వద్ద ఉండును. ఆంధ్రప్రదేశమున 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయములలో ఇంజనీరింగు సహాయకులు నియమింపబడిరి. ఇంటివారు అడిగినపుడు కూడ ఆ ధరలతో లెక్క కట్టి చూపించుట పంచాయతీకి పెద్ద పని కాదు. ఇరువురు మేస్త్రీలలో ఎవరు నిజము చెప్పినారో అప్పుడు తెలియును.

మనిషిని దింపరాదు

లెక్కలలో ఎన్నడు కనబడని వ్యయమొకటి కలదు. గొట్టము మార్చుటకు ముందు ట్యాంకును, తొట్టిని ఖాళీ చేయవలెను. యంత్రము తెప్పించిన వ్యయమగునని, కొంత డబ్బిచ్చి ఒక మనిషిని లోపలికి దింపుట ఇంకను జరుగుచున్నది. మూసియున్న ట్యాంకులో ప్రాణవాయువు తక్కువ. హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చేరియుండును. అది కొంచెముగా నున్నపుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. ఎక్కువైనపుడు ముక్కునకు వాసన పట్టు శక్తినే పోగొట్టును. వాసన లేదు గనుక భయము లేదని దిగినవాడు దిగినచోటనే కూలును. అతనిని పైకి లాగుటకు దిగిన రెండవవాడును అట్లే పోవును. ఒక్క ట్యాంకులో తండ్రీకొడుకులో, అన్నదమ్ములో కలిసి మరణించుట ఈ కారణముచేతనే.

2013 నాటి చట్టము రక్షణ సాధనములు లేకుండ మనుషులచే మురుగు గొట్టములను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రము చేయించుటను నిషేధించినది. ఈ నిషేధము ఇంటి యజమానికిని, గుత్తేదారునకును, స్థానిక సంస్థకును సమానముగా వర్తించును. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు కారాగారము, లేక 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఇట్టి మరణములకు 10 లక్షల పరిహారమని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20న దానిని 30 లక్షలకు పెంచినది. మన ఉదాహరణములోని 23,000 రూపాయల పక్కన ఈ అంకెను వ్రాసి చూడుడు. మడ్డి తీయు యంత్రపు బండి కిరాయిని అంచనాలో మొదటి పద్దుగా వేయవలెను. యంత్రము వచ్చువరకు పని ఆపవలెను. ఆ బండివాడు మడ్డిని ఏ చెరువులోనో, వాగులోనో వదలి పోకుండ ఎచ్చటికి చేర్చునో ముందే అడిగి తెలిసికొనవలెను.

కందకము పూడ్చకముందు

గొట్టము పరచిన దినమున వార్డు సభ్యుడు అరగంట అచ్చట నిలుచుట ఎంతయు ప్రయోజనకరము. వాలు సరిగా నున్నదా లేదా అనునది కంటికి తెలియదు. పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి మేస్త్రీలు మట్టము చూచుకొను పద్ధతి అందరికి తెలిసినదే. ఒక్కొక్క 6 మీటర్ల గొట్టము రెండు కొనలకు నడుమ 15 సెంటీమీటర్ల భేదము ఉండవలెను. నడుమ ఎచ్చటను గొట్టము పల్లమై కుంగియుండరాదు. కుంగిన చోట మడ్డి నిలిచి, మరుసటి సంవత్సరపు ఫిర్యాదు అచ్చటనే పుట్టును. ఆ పిమ్మట క్రింది కొనను గుడ్డతో బిగించి గొట్టము నిండ నీరు పోసి కొంతసేపు ఉంచవలెను. పై తొట్టిలోని నీటిమట్టము తగ్గుచున్నచో ఏదో అతుకు కారుచున్నది. తడి తేలిన అతుకును అప్పుడే విప్పి మరల అతికించుటకు జిగురు డబ్బా వెల మాత్రమే అగును.

పూడ్చిన వారమునకు ఆ వీధిలోని కుళాయి నీటిని పరీక్షింపవలెను. జలజీవన్ మిషన్ క్రింద నీటి పరీక్షలో శిక్షణ పొందిన స్త్రీలు గ్రామములలో కలరు. వారికి కబురు చేసిన చాలును.

పూడ్చకముందే ఒక కాగితము మీద ఇల్లు, మరుగుదొడ్డి, తొట్లు, వీధి గొట్టము, కుళాయి గొట్టము గుర్తించి, ప్రహరీ మూలనుండి ఎన్ని అడుగుల దూరమున, ఎంత లోతున గొట్టమున్నదో వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతిని యజమానికి ఇచ్చి మరియొకదానిని పంచాయతీ కార్యాలయపు రిజిస్టరులో అతికింపవలెను. రోడ్డు వేయువారును, కుళాయి వేయువారును, టెలిఫోను తీగలు పాతువారును పలుగు ఎత్తుటకు ముందు ఆ రిజిస్టరును చూచి సంతకము చేయవలెనని తీర్మానించుకొనిన పంచాయతీలో గొట్టము మీద పలుగు పడదు.